అమెరికాల పిస్టల్ కొనుడంటే: ముందు కాయిదం, ఎనుక చెయ్యి, ఆఖరుకు బ్రాండు

మన ఊర్ల నుంచి అమెరికాకు ఎంఎస్ చదువుతందుకు వచ్చిన తమ్ముండ్లు ఇదివరకు కారు గురించి అడుగుదురు, క్రెడిట్ కార్డు గురించి అడుగుదురు. ఇప్పుడు వాటికి ఇంకోటి తోడైంది. "అన్నా, పానం కాపాడుకునేతందుకు ఏ పిస్టల్ మంచిది?" అని అడుగుతున్నరు. ఊర్ల ఉండి ఐ-20 కోసం ఎదురు చూసేటోళ్లు కూడ యూట్యూబ్ల తుపాకుల వీడియోలు చూసి ఇదే అడుగుతున్నరు.

ఈ భయం ఉత్తగ వచ్చింది కాదు. 2017 ఫిబ్రవరి 22 నాడు కాన్సస్ రాష్ట్రంల ఒలేత్ అనే ఊర్ల మన ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్ ను బార్ల కూసున్నప్పుడు కాల్చి చంపిండ్రు. ఆ తర్వాత కూడ గ్యాస్ స్టేషన్లల్ల, హోటళ్లల్ల రాత్రి పని చేసేటి మన పిల్లలు దొంగల తూటాలకు బలైన వార్తలు ఎన్ని సార్లు చదివినమో లెక్క లేదు. కాబట్టి అడిగినోన్ని చూసి నవ్వుడు సరికాదు, "నీకెందుకుర తుపాకి" అని గదుముడు కూడ సరికాదు. సక్కగ సమాధానం చెప్పాలె.

నేను టెక్సాస్ల డల్లాస్ పక్కన ఉంట. గ్రీన్ కార్డు వచ్చినంక ఇక్కడి లైసెన్సు క్లాసుకు పోయిన, పరీక్ష కాల్చిన, పిస్టల్ కొన్న. నాకు తెలిసింది ఇక్కడ వరుసగ రాస్తున్న. ముందే ఒక్క మాట. దుకాణంల అద్దం ఎనుక ఏ బ్రాండు మెరుస్తున్నదో చూసుడు ఆఖరి పని. మొదటి పని నీ పాస్‌పోర్టు తెరిచి వీసా కాయిదం చూసుకునుడు.

వీసా మీదున్నోళ్లు పిస్టల్ ముట్టొద్దు

అమెరికా ఫెడరల్ చట్టంల పద్దెనిమిదో టైటిల్, 922 సెక్షన్ అని ఒకటున్నది. ఎవరెవరు తుపాకి దగ్గర పెట్టుకోవద్దో అండ్ల రాసిపెట్టిండ్రు. వలస రాకుండ కొన్నాళ్ల వీసా మీద వచ్చినోళ్లు ఆ జాబితాల ఉన్నరు. అంటె ఎఫ్-1 మీద చదివేటోడు, హెచ్-1బి మీద కొలువు చేసేటోడు, హెచ్-4 మీద వచ్చిన ఇల్లాలు, బి-2 మీద బిడ్డను చూడొచ్చిన అమ్మానాయిన, అందరు అండ్లనే వస్తరు. తుపాకే కాదు, తూటా కూడ పెట్టుకోవద్దు. పట్టుబడితె 15 ఏండ్ల దాక జైలు పడొచ్చు. 2022ల చట్టం మార్చి పదేండ్లున్న శిక్షను పదిహేను చేసిండ్రు. ఆ మీద దేశం నుంచి పంపించుడు ఉండనే ఉన్నది.

"కొనుక్కుంటె కదా, ఊకె రేంజ్ కు పోయి కిరాయి పిస్టల్ తోని నాలుగు తూటాలు కాలిస్తె ఏమైతది?" అని అడుగుతరు. అయితది. చట్టంల ఉన్న మాట కొనుడు కాదు, దగ్గర పెట్టుకునుడు. చేతుల పట్టుకున్నా దగ్గర పెట్టుకున్నట్టే. 2019ల సుప్రీంకోర్టు దాక పోయిన రెహైఫ్ కేసు గిట్లాంటిదే. స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన ఒక పిలగాన్ని మార్కులు రాక కాలేజోళ్లు తీసేసిండ్రు, వీసా హోదా పోయింది. ఆ ఎనుక షూటింగ్ రేంజ్ కు పోయి కాల్చిండు. కేసు పెట్టిండ్రు. తన హోదా పోయిందని అతనికి తెలుసు అనేది సర్కారు రుజువు చెయ్యాలె అని సుప్రీంకోర్టు చెప్పింది. గా మాట తేలేటి దాక అతను పడ్డ తిప్పలు చూస్తె, రేంజ్ల తీసుకునే సెల్ఫీ ఎంత ఖరీదైనదో సమజైతది.

రూమ్మేట్ దగ్గర పిస్టల్ ఉంటె? అది వాని పేరు మీద, వాని పెట్టెల, వాని తాళం కింద ఉండాలె. ఇద్దరికి అందేటి సొరుగుల ఉంటె నీ మీదికి కూడ రావచ్చు. "నేను గ్రీన్ కార్డోన్ని, నీ కోసం నేను కొనిస్త" అని ఎవరన్న అంటె ఒప్పుకోకుండ్రి. ఇంకొకరి కోసం కొనుడును స్ట్రా పర్చేజ్ అంటరు. 2022 సంది అది వేరే ఫెడరల్ నేరం. కొన్నోడు, కొనిపిచ్చుకున్నోడు ఇద్దరు ఇరుకుతరు.

వేట లైసెన్సు దారి

ఇక్కడ చదువుకునే పోరగాండ్ల నోట్ల ఒక మాట తిరుగుతది: "హంటింగ్ లైసెన్సు తీసుకుంటె వీసా మీద కూడ కొనచ్చు." ఇది అబద్ధం కాదు. అమెరికాల ఏ రాష్ట్రమన్న ఇచ్చిన వేట లైసెన్సు చేతుల ఉంటె, వీసా మీదున్నోనికి ఆ నిషేధం నుంచి మినహాయింపు ఉన్నది. దుకాణపోళ్లు ఆ లైసెన్సు చూసే అమ్ముతరు.

కాని దీంట్ల ఒక గుంత ఉన్నది. ఆ మినహాయింపు వీసా నిబంధనలు సక్కగ పాటించేటోనికే. వీసా షరతు తప్పినోన్ని తుపాకి చట్టం కింద అక్రమంగ ఉంటున్నోని లెక్కల కడతరు. అక్రమంగ ఉన్నోనికి వేట లైసెన్సు పనిచెయ్యదు. ఇప్పుడు ఆలోచన చెయ్యి. ఎఫ్-1 మీద వచ్చి పర్మిషన్ లేకుండ గ్యాస్ స్టేషన్ల రాత్రి పని చేస్తున్నవంటె వీసా షరతు తప్పినట్టే. అంటె తుపాకి ఎవనికి అన్నిటికన్న ఎక్కువ అవసరం అనిపిస్తదో, ఆ తమ్మునికే అది అన్నిటికన్న పెద్ద ఉరి. దుకాణంల దొంగ వస్తె నీ పిస్టల్ నిన్ను కాపాడిందే అనుకో. తెల్లారి పోలీసు అడిగే మొదటి ప్రశ్న "నువ్వు ఇక్కడ ఏం చేస్తున్నవ్?" అని.

వేట తుపాకి గురించి ఇంకో మాట. 2024 నవంబర్ల అట్లాంటా దిక్కు చదువుకుంటున్న మన తెలంగాణ పిలగాడు తన వేట తుపాకి శుభ్రం చేసుకుంటుంటె అది పేలి పానం పోయింది. చదువుకోను వచ్చిన పిల్లలకు ఇక్కడ తుపాకి లైసెన్సు దొరుకుతదని ఇంటోళ్లకు అప్పటి దాక తెలవనే తెలవదు. ఈ ముచ్చట చదివినోళ్లన్న మీ ఇండ్లల్ల చెప్పుండ్రి.

గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నోళ్లకు కొనేటి పద్ధతి

ఇక్కడి నుంచి చెప్పేది చట్టం ఒప్పుకునేటోళ్లకు. గ్రీన్ కార్డున్నోళ్లకు ఫెడరల్ చట్టం అడ్డం రాదు. లైసెన్సున్న దుకాణంల పిస్టల్ కొనాలంటె 21 ఏండ్లు నిండాలె. నువ్వు ఉండే రాష్ట్రంలనే పిస్టల్ తీసుకోవాలె. 4473 అనే ఫారం నింపుతవు, దుకాణపోడు ఎఫ్‌బీఐ వ్యవస్థల నీ పేరు వేసి చూస్తడు. ఆ ఫారంల అబద్ధం రాస్తె అదే ఒక పెద్ద నేరం.

ఆ ఫారంల మనోళ్లు పట్టించుకోని ప్రశ్నలు రెండున్నయి. ఒకటి గంజాయి. కొన్ని రాష్ట్రాలల్ల దుకాణం పెట్టి అమ్ముతరు కాని ఫెడరల్ చట్టం దాన్ని ఇంకా ఒప్పుకోలే, ఆ సంగతి ఫారం మీదనే రాసి ఉంటది. రెండోది ఇంట్ల కొట్లాట కేసు. పెండ్లాం మీద చెయ్యి చేసుకున్న కేసుల శిక్ష పడితె, అది చిన్న కేసే అయినా, తుపాకి హక్కు పోతది. 1996ల తెచ్చిన చట్టం ఇది.

రాష్ట్రానికో తీరుగ ఉంటది మళ్ల. ఇల్లినాయిల ఫాయిడ్ కార్డు లేకుండ తుపాకి దగ్గర పెట్టుకోవద్దు. న్యూజెర్సీల కొనేతందుకే పర్మిట్ కావాలె. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీలల్ల మ్యాగజీన్ల పది తూటాల కన్న ఎక్కువ పట్టొద్దు. టెక్సాస్ల 2021 సెప్టెంబర్ సంది 21 నిండినోళ్లు, చట్టం అడ్డు లేనోళ్లు, లైసెన్సు లేకుండనే పిస్టల్ మోసుకోవచ్చు. సగానికి పైన రాష్ట్రాలు ఇప్పుడు గిట్లనే ఉన్నయి. న్యూయార్క్ మాత్రం పర్మిట్ అడుగుతది. 2022ల బ్రూయెన్ కేసుల సుప్రీంకోర్టు "ప్రత్యేక అవసరం చూపిస్తెనే ఇస్తం" అనే పాత షరతును కొట్టేసింది గాని పర్మిట్ ను కొట్టెయ్యలే.

లైసెన్సు అక్కర లేదన్న రాష్ట్రంల కూడ నేను లైసెన్సు తీసుకున్న. ఎందుకంటె క్లాసుల చట్టం చెప్తరు, వేరే కొన్ని రాష్ట్రాలల్ల కూడ అది చెల్లుతది. టెక్సాస్ పరీక్షల మూడు, ఏడు, పదిహేను గజాల దూరంల మొత్తం 50 తూటాలు కాల్చాలె, నూటికి 70 మార్కులు రావాలె. గది కూడ రానోడు నడుముకు పిస్టల్ కట్టుకుని వాల్‌మార్ట్ల తిరుగుతె ఎవనికి మంచిది?

రివాల్వరా, పిస్టలా?

రివాల్వర్ అంటె గుండ్రంగ తిరిగే డబ్బాల ఐదో ఆరో తూటాలు పట్టేది. దాని పని సాదాగ ఉంటది. తూటా పేలకుంటె ఇంకోసారి మీట గుంజితె తర్వాతి తూటా వస్తది. స్లైడ్ గుంజే పని లేదు కాబట్టి వేళ్లల్ల బలం లేనోళ్లు కూడ నింపుకోవచ్చు. కాని మీట బరువుంటది, గుంజుతుంటె చెయ్యి కదులుతది, గురి తప్పుతది. జేబుల పట్టే తేలిక రివాల్వర్ అయితె ఎనుకకు గట్టిగ తన్నుతది. "ఆడోళ్లకు చిన్న రివాల్వర్ మంచిది" అని దుకాణంల అలవాటుగ చెప్తరు. నమ్మకుండ్రి. చిన్న తేలిక రివాల్వర్ తోని సక్కగ కాల్చుడు నేర్చినోనికే కష్టం, కొత్తోళ్లకు ఇంకెట్ల వస్తది?

సెమీ ఆటోమేటిక్ పిస్టల్ అంటె పిడిల మ్యాగజీన్ పెట్టేది. పది నుంచి పదిహేడు దాక తూటాలు పడతయి. మీట తేలిక, గురి అలక. కాని నేర్చుకునేది ఎక్కువ. అన్నిటికన్న ముఖ్యమైనది ఇది: మ్యాగజీన్ బయటికి తీసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ కాదు. గొట్టంల ఇంకో తూటా ఉండచ్చు. ఖాళీ అనుకుని మీట గుంజి, ఇంట్ల మనిషిని పోగొట్టుకున్న కథలు ఈ దేశంల కొల్లలు. మొదలు మ్యాగజీన్ తియ్యాలె, ఎనుక స్లైడ్ గుంజాలె, కంటితోని చూడాలె, వేలు పెట్టి తడిమి చూడాలె.

కొత్తోళ్లు ఎక్కువ మంది ఇయ్యాల సెమీ ఆటోమేటిక్ దిక్కే పోతున్నరు. నా మాట కూడ గదే, కాని నేర్చుకునే ఓపిక ఉంటెనే.

తూటా ఎంత లావుండాలె?

తూటా లావు మీద వాదన మన దగ్గర హీరో ఫ్యాన్ల కొట్లాట లెక్క నడుస్తది. పాయింట్ 45 గొప్పదని ఒకడు, పాయింట్ 40 అని ఒకడు. నేను చెప్పేది సాదా మాట: 9 ఎంఎం తోని మొదలు పెట్టు. వందేండ్లు దాటిన తూటా ఇది. అమెరికా పోలీసుల ఎక్కువ మంది వాడేది ఇదే. ఎఫ్‌బీఐ నడుమల పాయింట్ 40 కి పోయి, మళ్ల 9 ఎంఎం కే తిరిగొచ్చింది. తన్నుడు తక్కువ, మ్యాగజీన్ల ఎక్కువ పడతయి, ధర తక్కువ. ధర తక్కువైతె ఎక్కువ సాధన చేస్తవు. ఎక్కువ సాధన చేస్తె గురి కుదురుతది.

చేతుల బలం తక్కువున్నోళ్లకు, కీళ్ల నొప్పులున్న పెద్దోళ్లకు పాయింట్ 380 ఉన్నది. స్మిత్ అండ్ వెసన్ వాళ్ల షీల్డ్ ఈజెడ్ లాంటివి స్లైడ్ అలకగ గుంజేటట్టు చేసినయి. కాని జేబుల పట్టే బుల్లి పాయింట్ 380 కూడ చెయ్యిని గట్టిగనే కొడ్తది. తూటా చిన్నదైతె తన్నుడు తక్కువ ఉంటదనే రూలు లేదు. పిస్టల్ బరువు కూడ చూడాలె.

సాధనకు మామూలు గట్టి మొన తూటాలు చాలు. ఆత్మరక్షణకు హాలో పాయింట్ వాడుమని క్లాసుల చెప్తరు. కారణం ఏందంటె, అది మనిషి గుండ దూసుకుపోయి ఎనుకున్న అమాయకునికి తగిలే అపాయం తక్కువ. న్యూజెర్సీల మాత్రం వాటిని బయట మోసుడు మీద ఆంక్షలున్నయి. ఎడిసన్ దిక్కు ఉండే మనోళ్లు ఇది యాదిల పెట్టుకోవాలె.

చెయ్యికి కుదరాలె

చెప్పుల దుకాణంల వేసుకుని చూడకుండ కొంటమా? పిస్టల్ కూడ అంతే. చూసుకునేటివి ఇవి:

మీట మీద వేలు. పిడి పట్టినంక చూపుడు వేలు మొదటి కణుపు దిక్కున్న మెత్త భాగం మీట మీదికి సక్కగ రావాలె. అందకుంటె పిడి పెద్దదైనట్టు. కొన్ని పిస్టళ్లకు పిడి ఎనుక భాగం మార్చుకునే తీరు ఉంటది.

స్లైడ్. నీ అంతట నువ్వు పదిసార్లు ఎనుకకు గుంజి విడవగలగాలె. ఆరోసారికే చెయ్యి వణికితె అది నీది కాదు.

బటన్లు. మ్యాగజీన్ విడిచేది, సేఫ్టీ, స్లైడ్ ఆపేది, ఇవి వేలికి అందాలె. ఎడమ చెయ్యి వాటమున్నోళ్లు రెండు దిక్కుల పనిచేసేది అడగాలె.

సేఫ్టీ మీట. కొన్నిటికి విడిగ ఉంటది, కొన్నిటికి ఉండదు. ఉన్నది కొంటె తీసుడు అలవాటయ్యే దాక సాధన చెయ్యాలె. లేనిది కొంటె ఒర మంచిది ఉండాలె. రెంటిల ఏది తీసుకున్నా అసలు సేఫ్టీ నీ వేలే.

సైజు. గ్లాక్ 19 లాంటి మజిల సైజువి 15 తూటాలు పట్టి, కాల్చుతందుకు అలకగ ఉంటయి, కాని బక్కపల్చటోని అంగి కింద కనపడతయి. 2018ల వచ్చిన సిగ్ సావర్ పీ365 అరకిలో బరువుల పది తూటాలు పట్టిచ్చి ఈ బజారునే మార్చింది. ఆ ఎనుక స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, షీల్డ్ ప్లస్ లాంటివి వరుసగ వచ్చినయి. చిన్నది దాచుడు అలక, కాల్చుడు కష్టం. పెద్దది కాల్చుడు అలక, దాచుడు కష్టం. ఈ రెంటి నడుమ నీ తూకం నువ్వే చూసుకోవాలె.

బ్రాండు ముచ్చట ఇక్కడికి వచ్చింది, ఆఖరున. పేరున్న కంపెనీలల్ల ఏదైనా పర్వాలేదు. కొనే ముందు రేంజ్ల కిరాయికి తీసుకుని రెండు మూడు మోడళ్లు కాల్చి చూడు. కొన్నంక ఆ పిస్టల్ తోని, వాడదలుచుకున్న తూటాల తోని, రెండు మూడు వందలు కాల్చి, ఏది ఇరుకుతలేదు అని నమ్మకమైనంకనే నడుముకు కట్టు.

ఒర మీద పీనాసితనం వద్దు

పిస్టల్ కు ఐదు వందల డాలర్లు పెట్టి, పదిహేను డాలర్ల బట్ట ఒర కొనేటోళ్లు మస్తు మంది. హోల్‌స్టర్ అంటె ఒర. దానికి మూడు పనులు. మీట భాగాన్ని మొత్తం గట్టిగ కప్పాలె. ఉరికినా, పడినా పిస్టల్ జారొద్దు. పిస్టల్ తీసినంక మూతి ముడుచుకోవద్దు. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ వి, మంచి తోలువి ఈ పనికి వస్తయి. ఒర లేకుండ జేబుల, ప్యాంటు బొడ్డుకాడ ఊకె దోపుకునుడు సినిమాలల్లనే. తాళం చెవి మీటకు తట్టుకుంటె చాలు, తొడ పోతది. బెల్టు కూడ గట్టిది ఉండాలె.

ఖర్చు లెక్క కూడ ముందే వేసుకో. పిస్టల్, ఒర, బెల్టు, తాళం పెట్టె, తూటాలు, క్లాసు ఫీజు, నెలకొక్కసారి రేంజ్ ఫీజు. పిస్టల్ ధర ఎంతనో, మొదటి ఏడాది మిగతా ఖర్చు కూడ దాదాపు అంతయితది. అంత లేకుంటె కొనుడు ఆపుకో.

ఏడికి తీసుకపోవద్దు

పోస్టాఫీసు, ఫెడరల్ ఆఫీసులు, కోర్టులు, బడులకు ఒద్దు. ఎయిర్‌పోర్టుల చెకింగ్ దాటి లోపటికి ఒద్దు. విమానంల తీసుకపోవాలంటె ఖాళీ చేసి, గట్టి పెట్టెల తాళమేసి, కౌంటర్ల చెప్పి, లగేజీల వెయ్యాలె. టెక్సాస్ల దుకాణాల గేట్ల మీద 30.06, 30.07 అని బోర్డులు కనపడతయి, అవి "లైసెన్సున్నోడు కూడ తుపాకి తోని రావద్దు" అని. 51 శాతం అని ఎర్ర అక్షరాల బోర్డుంటె అది తాగుడు అమ్మేటి చోటు, లోపటికి తుపాకి పోవద్దు. రాష్ట్రం దాటుతె చట్టం మారుతది. టెక్సాస్ లైసెన్సు కాలిఫోర్నియాల, న్యూయార్క్ల, న్యూజెర్సీల చెల్లదు. కారుల విడిచిపోవుడు కూడ మంచిది కాదు, దొంగలకు తుపాకులు దొరికేటి పెద్ద జాగ కార్లే.

ఇండియాకు వచ్చే ముందు బ్యాగు మూల మూల దులుపుండ్రి. రేంజ్ కు తీసుకపోయిన బ్యాగునే లగేజీకి వాడితె, అడుగుల ఒక్క తూటా మిగిలినా ఢిల్లీలనో శంషాబాద్లనో స్కానర్ పట్టుకుంటది. ఆయుధాల చట్టం కింద కేసయితది. తెలిసి పెట్టుకున్నవా, తెలవక మిగిలిందా అని కోర్టు చూస్తది గాని, అప్పటికి నీ సెలవులు, నీ టికెట్, నీ కొలువు ఏమైతయో నువ్వే చూసుకో.

ఎప్పుడు తియ్యాలె?

పైసలు పోతున్నయని తియ్యొద్దు. మాట అన్నడని తియ్యొద్దు. రోడ్డు మీద ఎవడో హారన్ కొట్టిండని చూపెట్టుడు కూడ నేరమే. పానం పోతది, లేకుంటె పెద్ద దెబ్బ తగులుతది, అది ఇప్పుడే, ఈ నిమిషమే, వేరే దారి లేదు అన్నప్పుడే. కొన్ని రాష్ట్రాలల్ల తప్పుకునే సందు ఉంటె తప్పుకోవాలె అని చట్టం చెప్తది. టెక్సాస్, ఫ్లోరిడా లాంటి చోట్ల తప్పుకోవాల్సిన పని లేదంటది. కాని చట్టం వద్దన్నా, సందు ఉంటె ఉరుకుడే తెలివి. కాల్చిన ప్రతి తూటాకు నువ్వే జవాబుదారు. ఎనుకున్న పిల్లకు తగిలినా నీదే. గెలిచినా వకీలు ఫీజు, నిద్ర లేని రాత్రులు తప్పయి.

దొంగ గల్లా అడిగితె గల్లా ఇచ్చెయ్యి, తమ్మీ. అది సేటు పైసలు. నీ పానం మీ అమ్మది.

ఇంట్ల ఉన్నప్పుడు

నాలుగు మాటలు గోడకు రాసి పెట్టుకోవాలె. ప్రతి తుపాకి నిండి ఉన్నట్టే అనుకో. చంపదలుచుకోని దాని దిక్కు మూతి పెట్టకు. గురి కుదిరే దాక మీట మీద వేలు పెట్టకు. గురి ఎనుక ఏమున్నదో చూసుకో.

ఒంటి మీద లేనప్పుడు పిస్టల్ తాళంల ఉండాలె. దిండు కింద, బట్టల కింద కాదు. పిల్లలకు దొరకని జాగ అంటూ ఇంట్ల ఉండదు. టెక్సాస్ల 17 ఏండ్ల లోపు పిల్లలకు అందేటట్టు నిండు తుపాకి పెడితె అదే నేరం.

ఇంకోటి. అమెరికాల తుపాకి తోని పోయే పానాలల్ల సగానికి ఎక్కువ ఆత్మహత్యలే. దొంగ మీదికి అని కొన్నది, మనసు బాగలేని ఒక్క రాత్రి మన మీదికే తిరుగుతది. అప్పులు, కొలువు దొరకకుండుడు, ఒంటరితనం, ఇంటికి అబద్ధం చెప్పుడు, మన పిల్లల బతుకు ఇక్కడ ఎట్లుంటదో నాకెరుకే. గసోంటి దినాలు నడుస్తుంటె తుపాకి ఇంట్ల ఉండొద్దు. నమ్మకమున్నోని దగ్గర చట్టం ప్రకారం పెట్టించు. 988 కి ఫోన్ చెయ్యి, రాత్రి పగలు ఎత్తుతరు.

మన దగ్గర సంగతి

ఊర్ల ఉండి ఇది చదివేటోళ్లకు రెండు మాటలు. అమెరికా వీడియో చూసి ఇక్కడ లెక్క కట్టకుండ్రి. మన దేశంల 1959 ఆయుధాల చట్టం, 2016 రూల్స్ నడుస్తయి. తుపాకి హక్కు కాదు, లైసెన్సు. జిల్లాలల్ల కలెక్టర్, కమిషనరేట్లల్ల పోలీస్ కమిషనర్ ఇస్తరు. పానానికి అపాయం ఉన్నదని చూపెట్టాలె, పోలీసు రిపోర్టు రావాలె, తుపాకి వాడుడు నేర్చిన కాయిదం ఉండాలె. అమెరికాల అందరు మోసే 9 ఎంఎం మన దగ్గర మామూలు మనిషికి నిషేధం. దొరికేది పాయింట్ 32 లాంటివే. 2014ల కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆడోళ్ల కోసమని నిర్భీక్ రివాల్వర్ తెస్తె దాని ధర లక్షా ఇరవై వేలు దాటింది. 2019 సవరణ సంది ఒక మనిషికి రెండు తుపాకులే, పెండ్లి బరాత్ల గాల్లకు కాలిస్తె రెండేండ్ల దాక జైలు. లైసెన్సు లేని నాటు తుపాకి పెట్టుకుంటె రెండు నుంచి ఐదేండ్లు.

ఆఖరుకు

నేను పిస్టల్ మోసుకుంట, కాబట్టి తుపాకి పాపమని చెప్తలేను. కాని అది తాయెత్తు కాదు. కట్టుకుంటె కాపాడేది కాదు. వీసా మీదున్న తమ్ముండ్లకు నా మాట సాఫ్ సీదా: వద్దు. దానికి పెట్టే పైసలు మంచి వాడల రూముకు పెట్టు. పర్మిషన్ లేని రాత్రి పని విడిచిపెట్టు. ఒక్కనివే దుకాణం మూసే డ్యూటీ ఒప్పుకోకు. కారు దాక ఇద్దరు కలిసి నడువు. ఫోన్ల లొకేషన్ దోస్తుకు పంపు.

గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ వచ్చినోళ్లు మూడు ప్రశ్నలు అడుక్కోండ్రి. నెలకొక్కసారి సాధన చేస్తనా? ఇంట్ల తాళం పెట్టె కొంటనా? కోపం వచ్చినప్పుడు నా చెయ్యి నా మాట వింటదా? మూడింటికి అవును అంటెనే దుకాణం గేటు దాటు. ఒక్కదానికి కాదు అన్నా, బ్రాండు పేరు అడిగే పని లేదు.